పై అంతస్తు

లిఫ్టు మళ్ళీ మూడో అంతస్తులో ఆగిపోయింది.
ఉల్లిపాయల సంచితో జ్డెంకా లోపల,
ఆరో అంతస్తు గుమ్మంలో తాళంచెవితో నేను.
లిఫ్టు గోతిలోంచి ఆమె గొంతు పైకొచ్చింది:
"అమ్మేద్దాం మిర్కో, ఈసారి నిజంగా."

ఈసారి నిజంగా అనడం ఇది నాలుగోసారి.

కరెంటు బిల్లు కవరు వెనక లెక్క వేశాను.
బాల్కనీల మరమ్మతుకి
ఇంటికి నలభై ఒక్క వేల డాలర్లు కట్టమన్నారు.
నెలనెలా కట్టే మెయింటెనెన్సు
ప్రతి జనవరికీ ఒక మెట్టెక్కుతుంది,
అది మాత్రం మధ్యలో ఎక్కడా ఆగదు.
కింద పార్కింగులో పైపు కారుతుంది.
దాని కింద ఎవరో పెట్టిన రంగు డబ్బా
నిండితే ఎవరు పారబోయాలన్నది
సంఘం మీటింగులో గంటన్నర చర్చ.

అమ్మితే వచ్చేది ఒక పక్క,
కొంటే పోయేది ఒక పక్క.
మధ్యలో గీత మాత్రం తిన్నగా వచ్చింది.
ఉక్కు మిల్లులో ముప్ఫై మూడేళ్ళు
కొలతలు తీసిన చెయ్యి మరి.

ఈ కిటికీలోంచి రాత్రిళ్ళు ఆ మిల్లు మంట కనిపిస్తుంది,
పగలు సరస్సు, తుడవని జింకు రేకులా.
వీటిని ఏ పక్క రాయాలో తెలియక
కవరు అంచున చిన్న సున్నా చుట్టాను.
కాసేపాగి ఆ సున్నాని కొట్టేశాను.

క్లబ్బులో పేక ముక్కలు పంచుతూ స్టిపాన్ అన్నాడు:
"పుచ్చిన పన్నుకి బంగారం తొడుగుతావా? అమ్మెయ్."
స్టిపాన్ తన ఇల్లు అమ్మి ఆరేళ్ళు.
ఇప్పటికీ ఆదమరిస్తే
పాత స్టాపులోనే బస్సు దిగుతాడు.

ఆదివారం కొత్తిల్లు చూడ్డానికి వెళ్ళాం,
హామిల్టన్‌కి దక్షిణాన, మొన్నటిదాకా
మొక్కజొన్న పండిన చోట.
వీధి పేరు మేపుల్ తోపు.
చెట్లన్నీ నా బొటనవేలంత,
పారిపోతాయేమోనన్నట్టు
కర్రలకి కట్టేసి ఉన్నాయి.

ఏజెంటు లోరెన్ వంటింటి సొరుగు లాగి వదిలింది.
చప్పుడు లేకుండా దానంతటదే మూసుకుంది.
జ్డెంకా మళ్ళీ లాగింది, మళ్ళీ వదిలింది.
పందొమ్మిదేళ్ళుగా మా సొరుగుని
ఎడమ తుంటితో గుద్ది మూస్తోంది తను.
చెప్పొద్దూ, అక్కడ నేనూ ఓడిపోయాను.

గిన్నెలో నిమ్మకాయలు ప్లాస్టిక్‌వి.
అలమరలో పుస్తకాలు అట్టలే.
"ఎంత నిశ్శబ్దమో చూడండి," అంది లోరెన్.

జ్డెంకా తల పైకెత్తింది.

మా నెత్తి మీద, ఏడో అంతస్తులో, మెదేరొస్ ఉంటాడు.
ఇన్నేళ్ళలో ఆయన మొహం
పదిసార్లు చూసుంటానేమో. అడుగులు తెలుసు.
తెల్లారి అయిదింటికి మంచం దిగి
కుడికాలు మామూలుగా, ఎడమకాలు ఈడుస్తూ
వంటింటిదాకా పదకొండు.
ఆయన భార్య పోయిన ఏడాది
ఆ నడకకి రాత్రీ పగలూ లేకుండా పోయింది,
మా నిద్రకీ.
సీలింగు పొడుద్దామని చీపురు తీసుకుని లేచానొక రాత్రి.
జ్డెంకా నా చేతిలోంచి లాక్కుంది:
"నడవనీ."
చీపురు పట్టుకునే పడుకుంది ఆ రాత్రి.

కొత్త వంటింట్లో ఆమె ఇంకా పైకే చూస్తోంది.
నేనేమీ అనకుండా మెట్లెక్కాను.
బూట్లు విప్పమని గుమ్మం దగ్గర కాగితం ఉంది.
విప్పలేదు.
పడగ్గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచాను,
కుడికాలు మామూలుగా, ఎడమకాలు ఈడుస్తూ.
కింద లోరెన్ ఏదో అడిగింది.
జ్డెంకా ఆమెకి జవాబివ్వలేదు.
మెట్ల మీదుగా నాకు చెప్పింది:
"అంత తొందరగా కాదు.
ఆయన కిటికీ దగ్గర కాసేపు ఆగుతాడు."

ఆగాను.
సంతకానికి గురువారందాకా గడువుంది.
కవరు జేబులోనే ఉంది.
కిటికీ అవతల, ఇంకా పూర్తికాని ఇంటి కప్పు మీద
ఒక మనిషి ఒక్కడే మేకులు కొడుతున్నాడు.
సుత్తి పడుతోంది, లేస్తోంది.
చప్పుడు మాత్రం అద్దం దాటి రావడం లేదు.

"ఊఁ, ఇప్పుడు నడువు,"
అంది కింద నుంచి.