చీటీ లేని పిట్ట

నెలకు రెండుసార్లు సీసాలకు స్పిరిట్ తాగిస్తాను.
మూత సందుల్లోంచి ఎండాకాలం
గుటక గుటకా దొంగిలిస్తుంది.
కప్ప వీపు బయటపడకముందే
నిచ్చెనెక్కి నింపి రావాలి.
మూడు వందల పన్నెండు సీసాలు.
ఇంటికెళ్లి ఎంత సబ్బు రుద్దినా
మా చిన్నది నా చేతి ముద్ద తినదు,
ఆస్పత్రి వాసనంటుంది.

ఒక సీసాలో చేప.
రంగంతా స్పిరిట్‌లోకి దిగిపోయి
నానబెట్టిన బియ్యంలా తెల్లబడింది.
చీటీ మీద "మాసాబ్ చెరువు" అని ఉంది.
రోజూ నేను బస్సు దిగేది అక్కడే.
ట్యాంక్ ట్యాంక్ అని కండక్టరు అరుస్తాడు,
దిగినవాళ్లలో ఒక్కరి కాలూ తడవదు.
అక్కడ నీళ్లుండేవని
నాకు సాక్ష్యం చెప్పింది
ఈ జానెడు చేపే.

పని నేర్పింది ఖుద్దూస్ చాచా.
బొడ్డు దగ్గర చిన్న గాటు,
లోపలిదంతా తీసి, బోరాక్స్ పులిమి,
పుల్లకు దూది చుట్టి ప్రాణమున్న చోట పెట్టి
కుట్టెయ్యడం.
"పిట్ట వోతే వోనీ బేటా, చీటీ వోనియ్యకు.
చీటీ లేని పిట్ట ఉత్త దూది."

తొమ్మిదో సొరుగులో పదకొండు పాలపిట్టలు,
వెల్లకిలా, కళ్లున్న చోట దూది.
దసరానాడు జనం పొలాల వెంట పరుగెత్తేది
దీన్ని ఒక్కసారి చూద్దామనే కదా!
ఈ సొరుగు లాగితే ఏడాది పొడుగునా దసరా.
చూస్తే మంచి జరుగుతుందంటారు.
ఏడేళ్లుగా చూస్తున్నాను,
నా కాంట్రాక్టు కాంట్రాక్టుగానే ఉంది.

చీటీలు ఉర్దూలో ఉన్నాయి.
ఫస్లీ పదమూడు వందల నలభై ఆరు, ఆజూర్ నెల.
చాచా చదివి వినిపిస్తే
పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకున్నాను.
పేరు తెలియని ఎవరో ఆ పొద్దున
తుపాకీ దించి, గాలి ఎటు వీస్తుందో కూడా రాసిపెట్టారు.

వానాకాలం బూజుతో గొడవ.
తోలు తినే పురుగు ఒకటి ఉంది, నువ్వుగింజంత.
ఈ గదిలో కనబడితే సొరుగులన్నీ దులిపి
ఫ్రీజరు దాకా యుద్ధం.
పక్క గదిలో అదే పురుగును పెట్టెలో పెంచుతాం,
ఉడుము అస్థిపంజరాన్ని
చాకు తగలకుండా శుభ్రం చేసిపెడుతుంది.
గోడకు ఇటు శత్రువు, అటు ఉద్యోగి.
దాని జీతం మాత్రం ఏ నెలా ఆగలేదు.

తార్నాక నుంచి హిమజ అనే అమ్మాయి వచ్చింది.
గ్లవ్స్ తొడుక్కుని, ఊపిరి బిగబట్టి
ఒక్కో పాలపిట్ట ఈక కొసను
ఆవగింజంత కత్తిరించుకుంది.
అప్పుడు తిన్న తిండి జాడ
ఇప్పటికీ ఈకలో ఉంటుందట.
చేలల్లో మందులు కొట్టకముందు
మిడత ఎలా ఉండేదో ఈకనడిగితే చెబుతుందట.
దాచినవాళ్లకు ఈ ప్రశ్న తెలియదు.
జవాబు దాచి వెళ్లిపోయారు.

మొన్న గురువారం కోకాపేట నుంచి
సెక్యూరిటీ గార్డు దశరథం ఫోను.
మేడమ్, నీలంపిట్ట పడిపోయింది, ఇంకా వెచ్చగుంది.
టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చాడు.
ఫారెస్టు ఆఫీసు కాగితం వచ్చేదాకా
ఫ్రీజరులో ఉంచి, ఇవాళ బల్ల మీదికి తీశాను.
నూట అరవై రెండు గ్రాములు.
కడుపులో సగం అరిగిన మిడత.
రెక్క విప్పితే, ఆ నీలానికి
చేతిలో సూది కాసేపు ఆగింది.

ఇప్పుడు చీటీ రాస్తున్నాను.
స్థలం: కోకాపేట, అద్దాల మేడ కింద.
ఎనభై ఏళ్ల తర్వాత చదివేవాళ్లు
ఆ మేడ ఎక్కడుండేదో వాళ్లే వెతుక్కుంటారు.
సేకరించినవారు: గార్డు పేరే రాశాను.
మరణ కారణం దగ్గర
"ఆకాశం అనుకుని" అని రాసి,
సైన్సు కాదని గుర్తొచ్చి కొట్టేసి,
"అద్దం" అని రాశాను.
మా సిరా చెరగదు.
గీత కింద మొదటి మాట
ఇంకా చదవొచ్చు.