ధడా

సొహార్ చేపల మార్కెట్ల
పొద్దుగాల నాలుగింటికే కాంట కాడ నిలబడుత.
చెరువుల రవ్వ, బొచ్చె తప్ప ఎరుగనోణ్ణి,
ఇప్పుడు తోక వట్టి చూసి చెప్త
ఇది కనాద్, ఇది హమూర్ అని.

ముందు ఖాళీ క్రేటు పెట్టాలె.
మీట నొక్కాలె. సున్న పడాలె. అటెన్కనే చేప.
మా అంగట్ల దీన్ని ధడా అంటరు:
గిన్నె బరువు గిన్నెది, సరుకు బరువు సరుకుది.

రాత్రి రూముల లింబాద్రి ఫోను చూసుకుంట అన్నడు:
"మనిషిని చూసి మోసపోకు పోశం, పుస్తకం చూడు.
మంచోడు దొరికిండంటే వాడు సరిగ సదువలేదన్నట్టు.
చెడ్డోడు దొరికిండంటే బాగ సదివిండన్నట్టు."

మంచు పలకలు దించే మొఫిజుల్‌ను అడిగిన.
వాడు ఉల్టా చెప్పిండు:
సదువనోడే చెడ్డోడు, సదివినోడే మంచోడు.
నాకు నవ్వచ్చింది.
ఇద్దరి కాంటలూ
నేను ఏదీ పెట్టకముందే ఒక దిక్కు వంగున్నయి.

హమూద్ నుదురు నేలకు ఆని ఆని నల్లగ కాయ కట్టింది.
నా నాలుగు నెలల జీతం ఆయన సొరుగుల,
దాని కింద నా పాస్‌పోర్టు.
అడిగితే ఇన్షా అల్లా అంటడు.
ఆయన నోట్లె అది తారీఖు లేని చెక్కు.

ఆయన అన్న ఖల్ఫాన్‌ది అదే వరుస, అదే నమాజు.
మెట్‌పల్లి రాజలింగు శవం
పందొమ్మిది దినాలు ఆస్పత్రి ఐసుల పడుంటే
ఒక్కో కాగితం వెంట మస్కట్ దాక తిరిగిండు.
పెట్రోలు పైసలు ఇయ్యబోతే
చేతిల ఖర్జూర పెట్టి పొమ్మన్నడు.

ఇద్దర్ల ఎవరిది పుస్తకం ఖాతాల రాయాలె?

పుస్తకాన్ని అడుగొద్దని కాదు.
ఖల్ఫాన్ బిడ్డ శంసా, పద్దులు రాసే పిల్ల,
నా ముందే అడిగింది తండ్రిని:
తమ్మునికి రెండు పాళ్లు, నాకొకటా?
ఆయన జవాబు చెప్పలే. గడ్డం గోక్కున్నడు.
రంజాన్ వెళ్లినంక
పెద్ద పడవ ఆమె పేర రాసిచ్చిండు, బతికుండంగనే.
పుస్తకం మార్చలే. పుస్తకాన్ని దాటలే.
ఇరుకు తొవ్వల ఎదురొచ్చినోనికి జరిగినట్టు
జర పక్కకు జరిగిండు.

లింబాద్రి ఈ రూముకు వచ్చిన నాడు అడిగిండు:
మీ ఇల్లు ఊర్లె ఏ దిక్కు?
చెప్పిన. ఇంకేం అడుగలే.
తెల్లారి నా గ్లాసు కిటికిల, వాని గ్లాసు అల్మరల.
ఏ పుస్తకంల రాసుందో వాడు సదువలే, నేను సదువలే.

మొన్న నాకు జరమొచ్చింది.
అర్ధరాత్రి తల లేపి
తన గ్లాసుతోనే నీళ్లు తాపిండు లింబాద్రి.
తెల్లారి దాన్ని కడిగి
మళ్ల అల్మరలనే పెట్టుకున్నడు.
కడిగేటప్పుడు ఎంతసేపు కడిగిండో
మంచంల నుంచి లెక్క పెట్టిన.
లెక్కపెట్టినందుకు సిగ్గయింది.

గిన్నె వేరు, సరుకు వేరు అంటిని గద.
మరి చేపకు క్రేటు వాసన అంటదా?
క్రేటుకు చేప వాసన అంటదా?
అన్ని క్రేట్ల మీదా మూడు కిలోలని ఎన్నడో రాసిండ్రు,
ఒక్కటన్న సరిగ్గ మూడు లేదు.
ఒకదాని అంచు పగిలింది,
ఒకదానికి పొలుసు పేరుకుంది.
అందుకే ఒక్కొక్కటి మళ్ల తూస్త.
వెనక నిలబడ్డోళ్లు తిడుతరు, తిట్టనీ.

జొహర్ అజా అయ్యింది.
మొఫిజుల్ చేతులు కడుక్కొని ఉరికిండు,
హమూద్ ముందు వరుసకు, ఖల్ఫాన్ తీరికగ వెనక.
లింబాద్రి గోడ నీడకు కూసొని ఫోను తీసిండు.

ఆఖరి చేప పోయింది, క్రేటు దించిన.
ఉత్త కాంట మీద ఎర్ర అంకెలు
మైనస్ మూడు.
పైన ఏమీ లేదు.
తీసేసిందే ఇంకా మెరుస్తున్నది.