నలభై అక్షరాలు

వెతకడం పెద్ద పనేం కాదు.
ముప్ఫై వేల పుటల ఓడ దినచర్యల్లోంచి
ఒక్క మాటను రెప్పపాటులో పట్టి తెస్తుంది
నేను రాసిన లైబ్రరీ.
తెచ్చినదాన్ని చూపించడం దగ్గరే తంటా.

వలలో పడ్డదాన్ని ఎలా అందించాలి?
మాట ఒక్కటే ఇస్తే చచ్చిన చేప.
పుట మొత్తం ఇస్తే సముద్రం.
అందుకని ఒక ఫంక్షన్ రాశాను:
మాటకు ఎడమన నలభై అక్షరాలు,
కుడిన నలభై,
నడుమ మాట, పసుపు పూసుకుని.
మిగతాదంతా మూడు చుక్కలు.

టోర్స్‌హౌన్‌లో ఫిబ్రవరి.
ఇక్కడ వాన పైనుంచి రాదు, పక్కనుంచి వస్తుంది.
రికార్డుల గదిలో హీటరు దగ్గర నిలబడి
హాన్‌సీనా నా కోడ్ చదివింది.
"నలభయ్యే ఎందుకు?"
"వరుసలు సమానంగా ఉంటాయి, కంటికి బాగుంటుంది."
నిజంగానే బాగుంది.
దొరికిన మాటలన్నీ ఒకే నిలువు గీతలో,
రేవులో కట్టేసిన పడవల్లా.
ఆ సాయంత్రం కాఫీలో
ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాను.

గురువారం సున్‌వా వచ్చింది.
ఎనభై నాలుగేళ్లు.
స్వెటరు మోచేతుల దగ్గర వేరే రంగు ఊలు.
"మా అన్న పేరు వెతుకు. ట్రోండుర్.
ఓడ పేరు చాల్డుర్."
కథ ఆమెకు తెలిసిందే.
రాతలో ఒకసారి చూడాలట, అంతే.

పదకొండు ఫలితాలు.
ఉప్పు బస్తాల లెక్కలో ఒకటి,
జీతం అడ్వాన్సుల్లో ఎనిమిది,
పంటినొప్పి, లవంగం ఇచ్చితిమి అని ఒకటి.
అక్కడ నవ్వింది.
"బెల్లపు పాకం డబ్బా దాచినా వదిలేవాడు కాదు."
పదకొండోది:

…న పొగమంచులో చిన్న పడవ దింపుకొని వెళ్లిన
ట్రోండుర్
నడిరాత్రి వరకు గంట మోగించినను తిరిగి రా…

ఆమె కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.
"తిరిగి రా."
పైకి చదివింది.
బంగాళదుంపలు చల్లారిపోతున్నాయని
గుమ్మంలోంచి కేకేసినట్టు చదివింది.
"ఎవరు రాశారిది?"
"కెప్టెన్."
"మహా కోపిష్టి అనేవారు. ఇలా రాస్తాడనుకోలేదు."

ఆ చుక్కల వెనక ఏముందో నాకు తెలుసు.
లేదు ఉంది.
మౌస్ మీద వేలుంది.
ఒక్క నొక్కుతో పుటంతా తెరుచుకుంటుంది.
ఆమెకు తెలియదా?
డెబ్భై ఏళ్లుగా తెలుసు.
నా వేలు వైపు చూసింది, తెర వైపు చూసింది.
"ఇంతవరకే అచ్చువేసి ఇవ్వు."

మా ప్రింటరుకు పసుపు రాదు.
రంగు లేని చోట
మాటకు అటూ ఇటూ చుక్క గుర్తు పెట్టమని
ఎప్పుడో రాసి మరిచిన నాలుగు లైన్లు,
ఎవరికీ అక్కర్లేదనుకున్నవి,
ఆ పూట పనికొచ్చాయి.
*ట్రోండుర్*
కాగితం వెచ్చగా బయటికొచ్చింది.
మడవకుండా స్వెటరు లోపల పెట్టుకుని
వానకు వీపు తిప్పి నడుస్తూ వెళ్లింది.

ఆ రాత్రి ఫంక్షన్ మార్చాను.
నలభై దాటినా సరే,
మాట పూర్తయ్యాకే కత్తెర.
మార్పుల చిట్టాలో "తప్పు సరిదిద్దాను" అని టైప్ చేస్తుంటే
తప్పు దగ్గర కాసేపు చెయ్యి ఆగింది.
వరుసలు ఇప్పుడు సమానంగా లేవు.
కుడివైపు అంచు మా దీవుల ఒడ్డులా
ఎక్కడపడితే అక్కడ విరిగి ఉంటుంది.

మళ్లీ తెగకుండా ఒక పరీక్ష కూడా రాశాను.
పేరేం పెట్టావని హాన్‌సీనా అడగలేదు,
చదివి ఊరుకుంది.
రోజూ రాత్రి రెండింటికి,
ఈ గదిలో ఎవరూ లేనప్పుడు,
యంత్రం అతన్ని వెతుకుతుంది.
తిరిగి రాలేదు అని అచ్చేస్తుంది.
సరిచూసుకుని, పక్కన
పచ్చటి టిక్కు పెడుతుంది.