మెట్ల కింది పెట్టె

గ్రిమ్స్‌బీలో చేపల రేవు వెనక వీధి,
వినికిడి పరీక్షలు చేసే చిన్న క్లినిక్.
గురువారం పొద్దున సర్వర్ కన్ను తెరవలేదు.
నన్ను పిలిచారు.

మోరీన్ అడగకుండానే టీ తెచ్చింది.
"అన్నీ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి కదమ్మా" అంది.
ఉంటాయి.
"ఎక్కడో ఒకచోట" అనేది చిరునామా కాదు, అంతే.

రికవరీ డిస్క్ పెట్టాను.
నల్లటి తెర, తెల్లటి అక్షరాలు,
ఇమేజ్ ఏ చోట ఉందో చూపించమంటుంది.
నాకు ముందు ఈ పని చూసిన డెస్మండ్
చోట్ల జాబితా ఒకటి వదిలి వెళ్ళాడు:
పాతది. కొత్తది. కొత్తదాని కొత్తది. మెట్ల కింద.
ఒక్కోదాని ముందు రెండు వాలుగీతలు,
మూసిన తలుపుకు భుజం ఆనించి నిలబడ్డ ఇద్దరిలా.

పాతది పలకలేదు.
కొత్తది పలికి, పాస్‌వర్డ్ అడిగింది;
అది డెస్మండ్‌తో పాటే రిటైరైంది.
కొత్తదాని కొత్తదిలో ఒకే ఒక్క ఫోల్డర్,
అందులో ఎప్పటివో క్రిస్మస్ విందు ఫోటోలు,
కాగితం కిరీటాలతో అందరూ నవ్వుతున్నారు.

చేతులు కాలాక ఆకులు అంటారు.
ఇక్కడ ఆకులు ముందే కోసి పెట్టారు,
ఏ మూల పెట్టారో మరిచారు.

మెట్ల కిందికి వంగి వెళ్ళాను.
గొడుగులు, రంగు డబ్బాలు, కుంటి కుర్చీ,
వాటి మధ్య నల్లటి పెట్టె, దీపం లేకుండా.
దాని ప్లగ్గు నేల మీద.
దాని రంధ్రాల్లో వాక్యూమ్ క్లీనర్ తీగ.

సోమవారం రాత్రుళ్ళు డానూటా ఊడ్చడానికి వస్తుంది.
ఊడ్చి, ప్లగ్గు మళ్ళీ పెట్టి వెళ్ళేది.
ఈ సోమవారం మరిచింది.
ఆవిడను అనడానికేముంది?
అదేమిటో ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

బ్యాకప్ మాత్రం చెబుతూనే ఉంది.
నాలుగేళ్ళుగా ప్రతి సోమవారం రాత్రి పదింటికి
విఫలం, విఫలం అని
డెస్మండ్ ఖాళీ మెయిల్‌పెట్టెకు రాస్తూనే ఉంది.
మోరీన్ అది విని,
"వినికిడి క్లినిక్కులో" అని మాత్రం అని ఊరుకుంది.

ప్లగ్గు పెట్టాను. పచ్చదీపం.
నాలుగు గంటలు పట్టింది,
ఒక్కో శాతం ఒక్కో శాతంగా
ఆదివారం రాత్రి వెనక్కి రావడానికి.
సర్వర్ లేచింది.
లేచి, ఇవాళ ఆదివారమే అనుకుంది.
సోమ మంగళ బుధవారాలు దానికి జరగనే లేదు.
ఆ మూడు రోజులూ గాజు గదిలో కూర్చున్న పదకొండు మంది
ఇంకా ఇళ్ళ నుంచి బయలుదేరలేదు.

ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు.
శుక్రవారం ఆల్ఫ్ ట్రాన్మర్ వచ్చాడు,
ముప్ఫై ఏళ్ళు పడవ ఇంజను గదిలో పనిచేసినవాడు.
"పోయింది, మళ్ళీ చేయాలి!" మోరీన్ అరిచి చెప్పింది.
"ఏది పోయింది? నా చెవా, మీ కాగితమా?"

అద్దం అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు.
నాకు వినిపించని వాటికి బొత్తాం నొక్కుతున్నాడు.
ఒకసారి ఏ శబ్దమూ లేనప్పుడు కూడా నొక్కాడట.

నేను ఇవతల జాబితా తుడిచాను.
పాతది తీసేశాను. కొత్తదానికి కొత్త తాళం వేశాను.
లౌత్‌లో ఉన్న రెండో శాఖలో ఇంకో చోటు కలిపాను,
ఒకే కప్పు కింద రెండూ ఉండకూడదని.
కబుర్లన్నీ నా ఫోనుకు మళ్ళించాను.
డానూటా కోసం వేరే ప్లగ్గు చూపించి,
నల్లపెట్టె తీగకు తెల్ల టేపు చుట్టి
దాని మీద పేరు రాయబోయి
ఏమని రాయాలో కాసేపు తోచలేదు.
చివరికి ఒక చెవి బొమ్మ గీశాను.

ఆ రాత్రి పదీ పదకొండుకు ఫోన్ మోగింది.
రెండు చోట్లా చేరిందట.
నమ్మలేదు.
మంచం మీంచి లేచి, లౌత్ నుంచి
ఒక్క ఫైలు వెనక్కి తెప్పించి తెరిచాను:
ఆల్ఫ్ గీత.
కింది స్వరాల దగ్గర తిన్నగా నడిచి,
పై స్వరాల దగ్గర నిటారుగా జారి,
ఎంత మిగిలిందో అంతా
ఉంది.