పేరడగని బేరం

ఎద్దునమ్మేటప్పుడు
కుర్మయ్య చిన్నాయన కొనెటోని ఊరడిగిండు,
కొట్టం ఎట్లుంటదో అడిగిండు,
ఎండకాలం మేతేం పెడతవని గుచ్చిగుచ్చి అడిగి
పలుపు చేతులవెట్టేముందు
ఇంకోసారి మొహం జూసిండు.

అడవిపందులకని అటుకమీద దాసిన నాటుతుపాకి
అచ్చంపేట బస్టాండు వెనక
గోనెసంచిల చుట్టి ఇచ్చిననాడు మాత్రం
నోట్లే లెక్కవెట్టిండు, రెండుసార్లు.

"కాయితాలడిగితే ఏమైతది?
దొంగ నింపుతడా ఫారం?"
చాయ్ హోటల్ల జంగిలప్ప వాదన.
నిజమే, నింపడు.
సిమ్ము కార్డుకు నా ఏలుముద్ర నాలుగుసార్లు పడలే,
బొటనేలు లుంగీకి రుద్ది రుద్ది
ఐదోసారి పెట్టించిండ్రు.
అదీ నిజమే.

వంగూరు గేటుకాడ పెట్రోలు బంకుల
నైట్ డ్యూటీ పిల్లగాని భుజంల ఛర్రాలు దిగినంక
ఎస్సై అడిగిండు: ఎవనికమ్మినవ్?
చిన్నాయనకు యాదికున్నయి
నీలం చెప్పులు, కుడిచేతి గడియారం,
"పేలుతదా?" అన్న ఒక్క మాట.

ఎవరిమీద అని
అప్పుడే అడగాల్సుండె.

నిన్న ఎద్దును కొన్నాయన ఫోన్ జేసిండు.
మంచిగ మేస్తున్నదట, ఓపాలి వచ్చి చూసిపొమ్మన్నడు.
చిన్నాయన ఊ అన్నడు.
ఫోన్ పెట్టేసినంక శానాసేపు
ఉత్త అటుక దిక్కే చూసుకుంట కూసున్నడు.