చాలినంత

రాత్రి పదకొండున్నర. గుంటూరు కొత్తపేట.
మిర్చియార్డులో టిక్కీల మీంచి జారిపడ్డాడని
భుజాన వేసుకొచ్చింది ఖాసింబీ.
మీరావలి, నాలుగేళ్లు,
ఎడమ చెవి వెనక నిమ్మకాయంత బొప్పి.
దారిలో రెండుసార్లు కక్కుకున్నాడట.
ఇప్పుడు పిలిస్తే పలుకుతున్నాడు, కానీ దూరం నించి.

వాడి కళ్లు తుడవదామె.
పొద్దుణ్ణించి తొడిమలు తీసిన చేతులు,
మూడుసార్లు సబ్బుపెట్టినా మంట వదలని చేతులు.
మోచేత్తో, చెంగుతో, గడ్డంతో
బిడ్డను తాకుతోంది.

నా మిషనుకీ ఒక ఘాటుంది ఖాసింబీ.
దానికి తుమ్ము రాదు, కన్ను చెమర్చదు.
ఏ పాతికేళ్లకో, ఏ వేలమందిలోనో ఒకరికి
లెక్కల్లో మాత్రం తగులుతుంది.
ఆ ఒక్కరెవరో ఎవరూ చెప్పలేరు.
నాకు భయం అందుకే.

మిషనుతో పాటు పెట్టెలో వచ్చిన అంకెలు
పెద్దవాళ్ల తలకి కుట్టినవి.
నూట ఇరవై, మూడొందలు.
మూడేళ్లు అవే నొక్కాను.
బొమ్మ అద్దంలా వచ్చేది. శభాష్ అనేవారు.
పసిపుర్రె ఎంత పలచనో తెలీక కాదు,
బొమ్మ బాగుంటే పని బాగున్నట్టే అనుకున్నాను.

తర్వాతెప్పుడో, పాత రిజిస్టర్లు తిరగేసి
నీలం అట్ట పుస్తకంలో ఎక్కించుకున్నాను
ఆ మూడేళ్ల పిల్లల్ని.
చేబ్రోలు పాప, ఫిట్స్, నాలుగుసార్లు.
పొన్నూరు కవలలు. మంచం మీంచి పడింది ఒకడే.
ఇద్దరికీ తీశాం.
రెండోవాడూ ఏడుస్తున్నాడు, ఎందుకైనా మంచిదన్నాడు వాళ్ల నాన్న.
ఎందుకైనా మంచిది!
ఎంత మెత్తటి మాట. ఎన్ని పుర్రెల గుండా వెళ్లిందో.

యడవల్లి మేడమ్ టార్చి వేసి వాడి కళ్లు చూసింది.
వేళ్లు చూపించి ఎన్నో చెప్పమంది.
వాంతి ఒక్కటే అయితే, ఇంత మగత లేకపోతే,
వార్డులో పడుకోబెట్టి తెల్లారేదాకా చూసేవాళ్లం.
చూస్తూ కూచోవడమూ వైద్యమే,
బిల్లులో దానికి గడి ఉండదంతే.
ఈసారి మాత్రం, తీయాల్సిందే అంది.

నూరుకి దించాను. నూట యాభైకి దించాను.
చుబుకం కాస్త వంచి
కళ్లను కిరణం దారిలోంచి పక్కకి తప్పించాను.
మెడ వద్దు. రెండో విడత వద్దు.
కదిలితే మళ్లీ తీయాలి, మళ్లీ అంటే రెట్టింపు.
వాడేమో లేవబోతున్నాడు.

సీసపు కోటు బరువుకి వంగిపోయి
వాడి పాదాల దగ్గర నిలబడిందామె.
"కాటా తాత ఎట్టా లెక్కపెడతాడురా?
కదలకుండా మనసులో లెక్కపెట్టు, నేను పైకంటా."
లాభం...
రెండు...
మూడు...
బల్ల కదిలింది. రింగు గిర్రుమంది.
నాలుగు, ఐదు, ఆరు...
ఆరున్నొక్కటి అనేలోపు అయిపోయింది.

తెర మీద బొమ్మ
జల్లించని పిండిలా ఉంది.
"ఇంత గరుగ్గా ఉందేమయ్యా?" అంది మేడమ్.
నేను మాట్లాడలేదు.
ఒక్కో ముక్కా జరిపి జరిపి చూసింది.
చెవి వెనక వెంట్రుకంత పగులు. లోపల నెత్తురు లేదు.
కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
"చాలు" అంది.

ఈ ఉద్యోగంలో నాకు ఇన్నేళ్లకి పట్టుబడిన మాట అదొక్కటే.
ఇంకొంచెం బాగా అనేది నోటిదాకా వస్తుంది,
అన్నం వడ్డించే చేతికి వచ్చినట్టే.
ఆపుకోవాలి.

"ఫొటో బాగా వచ్చిందా సారూ?"
"చాలినంత వచ్చిందమ్మా.
చేతులకి కొబ్బరినూనె రాయి, నీళ్లకి పోదది."
"అలవాటే సారూ" అని నవ్వింది.
ఆమెకి రోజుకెంత పడుతోందో
కొలిచే మీట నా దగ్గర లేదు.

వాళ్లు వార్డుకెళ్లాక
నీలం పుస్తకం తీసి రాశాను:
మీరావలి, ఒక్కసారి. పక్కన అంకె,
పాత అంకెల్లో సగం కూడా లేదు.
పేజీ వెనక్కి తిప్పకూడదనుకున్నాను.
తిప్పాను.
పొన్నూరు కవలలకి
ఈ ఏడు పదమూడు నిండుంటాయి.