లేని వేలు

జిలెటిన్ పేలి ఎడమచెయ్యి
మణికట్టు కాడికి పోయి పదకొండేండ్లాయె.
అయినా రాత్రయితే
ఆ చేతి బొటనవేలు దురదపెడ్తది.
గోకుదామని కుడిచెయ్యిని పంపుతే
గాలి.

పాలమూరు పెద్దాసుపత్రిల డాక్టరమ్మ
ఓపీ చీటీ ఎనక మెదడు గీసింది:
"చెయ్యి పోయింది గానీ ఈడ దాని జాగ అట్లనే ఉంది.
పక్కది చెంప జాగ.
చెంప నరాలు మెల్లగ గెట్టు జరుపుతున్నయి."

నవ్వొచ్చింది.
కృష్ణల మునిగిన మా ఊరు సుత
పాత నక్షల ఇంకా ఉన్నది, సర్వే నంబర్లతోని.
మా అవ్వ పేరు మీద
రెండెకరాల పది గుంటలు.

మొన్న నర్సోజి కత్తి
ఎడమ చెంప మీద ఆడుతుంటే
లేని వేలు చల్లబడ్డది,

ఎండకాలం నీళ్లు దిగి
మా గడపరాయి తేలినట్టు.